గ్లైడర్ రెక్కల బిగింపులో సులువు
(సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. చాలావాటిని రెక్కలు విడదీసి ట్రెయిలర్‌లో తీసుకువెళ్ళి, మైదానంలో మళ్ళీ బిగిస్తారు. 1979లో తొలిసారి ఎగిరిన జర్మనీ శిక్షణ గ్లైడర్ ఏఎస్‌కే 21 రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 17 మీటర్లు.

మన వయసువారు కూడా గ్లైడర్లు నడుపుతారు. కాని రెక్క మోస్తే నడుము పడుతుంది. అందుకే చక్రాల స్టాండు మీద రెక్కను ఆనించి నెడతారు. పిన్నులు, రంధ్రాలు తుడిచి పల్చగా గ్రీజు రాస్తారు. పిన్ను దూరకపోతే సుత్తి పట్టరాదు. రెక్క కొసను కాస్త ఎత్తి దించితే రంధ్రాలు ఎదురెదురుగా వస్తాయి.

కొత్త గ్లైడర్లలో రెక్క అమరగానే అదుపు కడ్డీలు వాటంతటవే కలుస్తాయి. పాతవాటిలో చేత్తో కలపాలి. అది మరిచి ఎగిరి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. కనుక బిగించాక ఒకరు రెక్క వెనుక అంచున కదిలే పలకను గట్టిగా పట్టుకుంటారు. మరొకరు లోపలి స్టిక్కును కదుపుతారు. స్టిక్కు బిగువుగా ఉంటే సరే, వదులుగా ఆడితే కడ్డీ కలవనట్టే.

ఆఫీసులో బిల్లు రాసే గుమాస్తా వేరు, సరిచూసే సూపరింటెండెంటు వేరు. పని ఎంత సులువైనా, రెండో మనిషి సరిచూడటం మానరాదని నా మనవి.