పెయింటు బూతులో నిప్పు పుట్టు విధము
(బూదికోట సభలో చేసిన ప్రసంగ పాఠము)



శివనసముద్రమునుండి కోలారు బంగారు గనులకు విద్యుచ్ఛక్తి 1902లో వచ్చినది. ఆ గనులు 2001లో మూతపడినవి. నేడు మన పల్లెల యువకులు పలువురు మాలూరు, నరసాపురము ప్రాంతముల కర్మాగారములకు పోవుచున్నారు. అట్టి చోట్ల లోహపు వస్తువులకు రంగు వేయు పనిలో చేరువారిని ఉద్దేశించి మేము నాలుగు మాటలు చెప్పదలచితిమి.

పాత స్ప్రే గన్నుకు గాలి యొత్తిడియే ఆధారము. రంగు చాలవరకు వృథాగా పోయెడిది. ఎలెక్ట్రోస్టాటిక్ గన్ను అట్లు కాదు. అది రంగు తుంపరలకు సాధారణముగా 60,000 మొదలు 1,00,000 వోల్టుల వరకు గల శక్తితో విద్యుదావేశము నిచ్చును. ఎర్తు చేసిన వస్తువు ఆ తుంపరలను తనవైపు లాగుకొనును. రంగు వెనుకప్రక్కకు కూడ చుట్టుకొనును. చలికాలపు రాత్రి ఉన్ని కంబళి దులిపినచో చిటపటమని మెరయును గదా, అది కూడ ఈ జాతి విద్యుత్తే. ఆ మెరుపు మనలను ఏమియు చేయదు. అచ్చట థిన్నరు ఆవిరి లేదు.

థిన్నరులలో తరచుగా కలియు టోలుయీన్ 4 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే అంటుకొనదగిన ఆవిరి నిచ్చును. మన జిల్లాలో చలి సాధారణముగా అంతవరకు దిగదు. ఆ ఆవిరి గాలికంటె బరువైనది; నేలబారున ప్రాకి గుంటలలో నిలుచును. దానిని అంటించుటకు ఒక మిల్లీజౌలులో నాలుగవ వంతు శక్తి చాలును. ఎర్తు లేని మనిషి దేహము 10,000 వోల్టుల కెక్కినచో సుమారు 5 మిల్లీజౌలులు నిలువ చేసికొనును. అనగా ఇరువది రెట్లు! మంచి గన్నులో విద్యుత్ప్రవాహమును అదుపులో నుంచు ఏర్పాటు ఉండును. కావున దానికంటె దాని చెంత ఎర్తు లేక నిలిచిన బకెట్టు, డబ్బా, మనిషి ఎక్కువ అపాయకరములు.

అన్నిటికంటె మోసము చేయునది హుక్కు. వస్తువుతోపాటు దానిని వ్రేలాడదీసిన హుక్కుకు కూడ ప్రతిదినము రంగు పట్టును. ఎండిన రంగు విద్యుత్తును పోనీయదు. చూచుటకు ఇనుపకొక్కెమునకు ఇనుపవస్తువు తగిలియే యుండును, ఎర్తు మాత్రము తెగిపోయి యుండును. కొలతసాధనముతో చూచినచో వస్తువునకు, నేలకు మధ్య నిరోధము పది లక్షల ఓములకు మించరాదు. సాధనము చేత లేనివానికి కూడ ఒక గుర్తు కలదు: రంగు వెనుకకు చుట్టుకొనుట మానినను, తిరిగి పనివాని చేతిమీదికే వచ్చుచున్నను, ఎర్తు చెడినదని శంకించి వెంటనే పని నిలుపవలెను. వోల్టేజి పెంచి చూతమనుట శుద్ధ అవివేకము. హుక్కులను గీకి లోహము బయటపడునట్లు చేయవలెను.

పనివాడు కూడ ఎర్తు కావలెను. గన్ను పిడి వట్టి అరచేతికి తగులవలెను. రబ్బరు తొడుగైనచో అరచేతి భాగము కత్తిరించవలెను. హవాయి చెప్పులు పనికిరావు. స్థిరవిద్యుత్తును నేలకు పోనిచ్చు బూట్లు కావలెను. శుభ్రముగా నుండునని నేలపై అట్టలు, ప్లాస్టిక్కు పట్టలు పరచుట కొన్నిచోట్ల వాడుక. అవి బూట్ల ఫలమును హరించును. థిన్నరుకు ప్లాస్టిక్కు బకెట్టు తగదు. ఎర్తు తీగ కట్టిన లోహపాత్ర కావలెను. ఫ్యాను ముందు, గన్ను తరువాత. గన్ను కడుగునప్పుడు వోల్టేజి ఆపియే కడుగవలెను. పొడిరంగులో థిన్నరు లేదుగదా యని ధైర్యపడువారు గలరు. గాలిలో లేచిన ఆ పొడియు మండును.

ఇక భాష మాట. దశాబ్దములు అమలులో నుండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, తన 108వ సెక్షనులో, ప్రకటనలు ఇంగ్లీషులోను, కార్మికులలో అధికసంఖ్యాకులకు తెలిసిన భాషలోను ఉండవలెనని విధించినది. అల్పసంఖ్యాకుల భాష మాట అందు లేదు. కన్నడము మాటలాడగలిగియు బోర్డు తడవి తడవి చదువువారు మనలో ఉన్నారు. అర్థము కాని బోర్డుక్రింద తల యూపి సంతకము చేయకుడు. దానిని మీ మాటలలో చెప్పించుకొనుడు. ఎర్తు ఎప్పుడు కొలిచిరో, ఎంత వచ్చినదో అడుగుడు. అగ్ని పుట్టినచో నీరు చల్లకుడు, థిన్నరు నీటిపై తేలి మంటను వ్యాపింపజేయును. విద్యుత్తు, రంగు సరఫరా ఆపు మీట యెచ్చట నున్నదో, బయటికి దారి యెటో, పని కెక్కిన మొదటి దినముననే కనుగొని యుండుడు.