గ్లౌజులు ఎవరి చేతికి?

 

ఉద్యోగంలో చేరిన కొత్తలో మందు కొట్టే పంపుకి వాడకం పుస్తకం తయారుచేశాను. 16 బొమ్మలు. అన్నిట్లోనూ పంచె కట్టిన రైతే. పంపు వీపున వేసుకునేదీ అతనే, గ్లౌజులు తొడుక్కునేదీ అతనే. అచ్చయ్యాక ఒక పత్తి చేనుకు వెళ్లాను. బిందెలతో నీళ్లు మోసి, మందు కలిపి, పంపు నింపుతున్నది ఆడవాళ్లు. వట్టి చేతులతో. పుస్తకం ఇస్తే ఒకామె నాలుగు పేజీలు తిప్పి, "ఇది మా ఆయనకి చూపించండమ్మా, ఇందులో మా పనేం లేదు" అంది. మందు డబ్బా మీది ఎర్ర త్రికోణం, పుర్రె గుర్తు మాత్రం ఆమెకు బాగా తెలుసు. వాటిలో పంచె లేదు మరి!

ఆడవాళ్లు గీస్తే ఇలా జరగదంటారా? పుస్తకం చేసింది నేనే కదా. 1972లో పయొనీర్-10 వ్యోమనౌకతో నాసా అంతరిక్షంలోకి పంపిన రేకు మీద మగమనిషి చెయ్యెత్తి పలకరిస్తాడు, ఆడమనిషి ఊరికే నిలబడుతుంది. ఆ మనుషుల్ని గీసిందీ ఒక ఆడమనిషే, లిండా సాల్జ్‌మన్ సేగన్.

ఈ విషయంలో నాకు గురువులాంటి మనిషి మారీ నోయ్‌రాట్. ఐసోటైప్ బొమ్మల భాష అనగానే అందరూ ఆమె భర్త ఓటో పేరే చెబుతారు. నిపుణులిచ్చిన అంకెల్లో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చి, చిత్రకారుడి చేతికిచ్చే పని ఆమెది. ఆ పని చేసేవాళ్లని 'ట్రాన్స్‌ఫార్మర్' అనేవారు. 1945లో ఓటో పోయాక ఐసోటైప్ సంస్థను ఆమే నడిపింది. 1950లలో పశ్చిమ నైజీరియా ప్రభుత్వం పుస్తకాలు అడిగితే, ఐరోపాలో గీసిన బొమ్మల్ని యథాతథంగా పంపలేదు. అక్కడికి వెళ్లి, అక్కడి బట్టలూ ఇళ్లూ చూసి మార్పించింది.

నా పుస్తకం సంగతి చెప్పలేదు కదూ. రెండో ముద్రణకి ఆడమనిషిని గీయమంటే, ఆర్టిస్టు పూలు పెట్టుకుని నవ్వుతున్న అమ్మాయిని తెచ్చాడు. వెనక్కి పంపాను. మళ్లీ తెచ్చాడు: చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, తలకి తువ్వాలు. అచ్చం చేలో చూసిన మనిషే. గ్లౌజులు మాత్రం వేళ్ల చివర వేలాడుతున్నాయి. సరిచేయమన్నాను.

"కంపెనీ ఇచ్చేది ఒకటే సైజు మేడమ్, ఉన్నది ఉన్నట్టు గీశాను" అన్నాడు.