గుంటూరు డాక్టరమ్మ: రోజూ చేసే పనే పవిత్రం అయితే?

గురజాల నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు టాపిక్ పేరు వింటే చిన్నదే, కానీ మనందరి నెత్తిమీదా ఉన్నదే. పని. రోజూ చేసే మామూలు పని.

మన చుట్టూ చూడండి. తెల్లారకముందే మిర్చి కోతకి ఆటో ఎక్కే అక్కలు. దాచేపల్లి, మాచర్ల వైపు రాయి పనికి వెళ్లేవాళ్లు. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర ఎండలో నిలబడేవాళ్లు. హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లు. వీళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఒకే ప్రశ్న వస్తుంది. "నేను చేసే ఈ పనికి ఏమైనా అర్థం ఉందా, లేక డబ్బుల కోసం రోజులు గడిపేస్తున్నానా?"

మనం మామూలుగా ఏం చేస్తాం? భక్తిని ఒక పక్కన, పనిని ఇంకో పక్కన పెట్టేస్తాం. గుడిలోనో చర్చిలోనో మసీదులోనో ఉన్నంతసేపూ భక్తి. బయటికొచ్చి చెప్పులేసుకున్నాక పని. ఈ రెండిటికీ మధ్య గోడ ఎందుకని అడిగిన ఒకాయన ఉన్నారు. పేరు హోసేమరియా ఎస్క్రివా. 1902లో స్పెయిన్‌లోని బార్బాస్ట్రోలో పుట్టారు. చిన్నతనంలోనే ముగ్గురు చెల్లెళ్లు చనిపోయారు. తర్వాత నాన్నగారి వ్యాపారం దివాలా తీసింది. 1925లో గురువు అయ్యారు. 1928 అక్టోబరు 2న మాడ్రిడ్‌లో ఓపస్ దేయి అనే సంస్థ మొదలుపెట్టారు. ఆ మాటకి అర్థం 'దేవుని పని'.

ఆయన చెప్పింది సింపుల్. పునీతులు కావాలంటే మఠంలోకి వెళ్లక్కర్లేదు. లాయర్, రైతు, ఇంట్లో వంట చేసే అమ్మ, డ్రైవర్, ఎవరైనా సరే, ఎక్కడున్నారో అక్కడే, చేసే పనిలోనే దేవుణ్ని కలుసుకోవచ్చు. ఏసు కూడా బయటికొచ్చి బోధించింది మూడేళ్లే. అంతకుముందు ముప్ఫై ఏళ్లూ నజరేతులో వడ్రంగం ఇంట్లోనే ఉన్నాడు. మరి ఆ ముప్ఫై ఏళ్లూ వేస్టా? కాదు అన్నదే ఎస్క్రివా పాయింట్. ఇంకోటి, దేవుడికి ఇచ్చేది నాసిరకంగా ఉండకూడదు, కాబట్టి పనిని బాగా చేయడం కూడా భక్తిలో భాగమే అనేవారు. 1975లో రోమ్‌లో చనిపోయారు. 2002 అక్టోబరు 6న జాన్‌పాల్ 2 పోపుగారు ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు.

సరే, స్పెయిన్ కథ మనకెందుకు అంటారా? ఆగండి. ఈ మాటని మన దగ్గర బతికి చూపించిన ఒకావిడ ఉన్నారు. అదీ ఎక్కడో కాదు, గుంటూరులో. అప్పటికి మన గురజాల కూడా గుంటూరు జిల్లానే కదా, పల్నాడు జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్‌లోనే.

ఆవిడ పేరు మేరీ గ్లౌరీ. 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో పుట్టారు. ఆడపిల్లలు డాక్టర్ చదవడమే అరుదైన రోజుల్లో, 1910లో మెల్‌బోర్న్ యూనివర్సిటీ నుంచి డాక్టర్‌గా బయటికొచ్చారు. కంటి ఆసుపత్రిలో పనిచేశారు, మెల్‌బోర్న్‌లో సొంత ప్రాక్టీస్ పెట్టారు. లైఫ్ సెట్ అయిపోయింది అంటామే, అలాగన్నమాట. 1915లో ఆవిడ చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ గురించి. ఇండియాలో మగ డాక్టర్ దగ్గరికి వెళ్లలేని ఆడవాళ్లు, వైద్యం అందక పోతున్న పసిపిల్లలు, వీళ్ల సంగతి అందులో ఉంది. అది చదివి, నా పని అక్కడే అని ఆవిడ నిర్ణయించుకున్నారు.

ఇక్కడ ఒకటి గమనించండి. నిర్ణయించుకున్న మర్నాడే బ్యాగ్ సర్దుకుని వచ్చేయలేదు. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆ టైమ్‌లో మళ్లీ పుస్తకాలు పట్టుకున్నారు. కాన్పులు, స్త్రీల జబ్బులు, కళ్లు, ఈ మూడూ ఉండేలా చదివి 1919లో ఎండీ పూర్తి చేశారు. ఇండియాలో ఏం అవసరమో అదే నేర్చుకున్నారు. "మనసు మంచిదైతే చాలు, మిగతాది దేవుడు చూసుకుంటాడు" అనుకోలేదు. పేషెంట్ బల్ల మీద ఉన్నప్పుడు మంచి మనసుతో పాటు చేతికి పని కూడా వచ్చి ఉండాలి.

1920 జనవరిలో ఓడ ఎక్కారు, ఫిబ్రవరిలో గుంటూరు చేరారు. డచ్చి దేశం నుంచి వచ్చిన జేఎంజే సిస్టర్లతో చేరి మఠకన్య అయ్యారు. పేరు సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్. కానీ ఒక చిక్కు. మఠకన్యలు వైద్యం చేయడానికి అప్పటి చర్చి చట్టం ఒప్పుకోదు! అంటే డాక్టర్‌గా ఉండాలి, లేదా సిస్టర్‌గా ఉండాలి. పనీ భక్తీ మధ్య గోడ అన్నానే, ఈవిడ విషయంలో అది రూల్ బుక్‌లోనే ఉంది. చివరికి 15వ బెనెడిక్ట్ పోపుగారు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. మిగతా సిస్టర్లకి ఆ దారి తెరుచుకోవడానికి 1936 దాకా పట్టింది. వైద్యం, కాన్పులు చేయవచ్చని ఆ ఏడాది రోమ్ ఉత్తర్వు ఇచ్చింది.

ఇక గుంటూరులో ఏం చేశారు? పెద్ద అద్భుతాల లిస్ట్ చెప్తానని చూస్తున్నారేమో, అలాంటిదేమీ లేదు. పొద్దున లేస్తే పేషెంట్లు. మళ్లీ రేపు పేషెంట్లు. కాన్పులు, కళ్లు, జ్వరాలు, పుళ్లు. చాలా ఏళ్లు డాక్టర్ అంటే ఆవిడ ఒక్కరే. దాంతో ఇక్కడి ఆడపిల్లల్నే కాంపౌండర్లుగా, మంత్రసానులుగా, నర్సులుగా తయారుచేశారు. మన నాటు మందుల గురించి, ఆకులు వేర్ల గురించి తెలుసుకున్నారు. నేను మెల్‌బోర్న్ డాక్టర్‌ని, మీ ఆకు పసరు నాకెందుకు అనలేదు. 1943లో కాథలిక్ ఆసుపత్రులన్నిటినీ కలిపి ఒక సంఘం పెట్టారు. ఇవాళ దేశమంతా ఉన్న కాథలిక్ హెల్త్ అసోసియేషన్ అదే. మన దేశంలో కాథలిక్ మెడికల్ కాలేజీ రావాలన్నది ఆవిడ కల. ఆవిడ 1957 మే 5న బెంగళూరులో క్యాన్సర్‌తో పోయారు. 1963లో అదే బెంగళూరులో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ మొదలైంది. ఆవిడ చూడలేదు. గుంటూరు సెయింట్ జోసెఫ్స్ హాస్పిటల్ మాత్రం ఇప్పటికీ ఉంది.

2013లో చర్చి ఆవిడని దైవసేవకురాలు అని పిలిచింది. పునీతురాలు అనిపించుకునే దారిలో అది మొదటి మెట్టు. ముప్ఫై ఏడేళ్లు ఈ దేశంలో ఉన్న మనిషి. రెంటచింతల, ఫిరంగిపురం చర్చిలకి వెళ్లే మనవాళ్లలో కూడా ఈ పేరు తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారో చెప్పండి.

ఇప్పుడు అసలు గొడవలోకి వద్దాం. "పని పవిత్రం" అనే మాట వినడానికి బాగుంటుంది. కానీ ఆ మాట ఎవరి నోట్లో ఉందో చూడాలి. కూలీ అనుకుంటే అది ఆత్మగౌరవం. అదే మాట యజమాని అంటే? "పని దైవం అమ్మా, కూలి గురించి అడగకు" అయిపోతుంది. ఇది ఊహ కాదు. 2021లో అర్జెంటీనా వైపు 43 మంది మహిళలు ఓపస్ దేయి మీదే వాటికన్‌కి ఫిర్యాదు చేశారు. చిన్న వయసులో తీసుకెళ్లి, ఏళ్ల తరబడి వంటపని, ఇంటిపని చేయించుకుని జీతం సరిగా ఇవ్వలేదన్నది వాళ్ల ఆరోపణ. సంస్థ ఆ ఆరోపణల్ని ఖండించింది. ఏది నిజమో తేల్చాల్సింది విచారణ చేసేవాళ్లు. కానీ ఆ ప్రశ్న మాత్రం మనం దాచకూడదు.

దీనికి జవాబు కూడా ఆ చర్చిలోనే ఉంది. బైబిల్లో యాకోబు పత్రిక చూడండి. కోత కోసినవాళ్లకి ఎగ్గొట్టిన కూలి దేవుడి దాకా వెళ్లి మొరపెడుతుందన్న భావం అందులో ఉంది. 1891లో 13వ లియో పోపుగారు కార్మికుల గురించి పెద్ద లేఖ రాశారు. కూలితో పనివాడి బతుకు గడవాలి, బేరం కుదిరింది కదా అని అంతకన్నా తగ్గించడం అన్యాయం అన్నారు. అంటే లెక్క క్లియర్. పని పవిత్రమైతే పనిచేసే మనిషి ఇంకా పవిత్రం. ఆ మనిషికి కూలి ఎగ్గొట్టి పనిని పూజిస్తే అది భక్తి కాదు, దోపిడీ.

"అన్నా, నేను క్రైస్తవుణ్ని కాదు, నాకేంటి?" అని కామెంట్ పెట్టేవాళ్లకి. పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుడు కాయకం అన్నది దీని గురించే. కష్టం చేసి తినడమే శివుడి సేవ అని. దాదాపు అదే కాలంలో మన పల్నాట్లో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాల్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని చెప్పుకుంటాం. నలగామరాజు రాజధాని ఈ గురజాలే. కాబట్టి పనికీ మనిషికీ విలువ ఇవ్వడం మనకి కొత్తగా ఎవరో నేర్పాల్సిన విషయం కాదు. మర్చిపోకుండా ఉంటే చాలు.

మరి రేపటి నుంచి ఏం చేయాలి? నేను మూడు చెప్తా.

ఒకటి, ఎవరూ చూడని చోట పని బాగా చేయడం. మిర్చి టిక్కీలో పైన ఎర్రటి కాయలు, అడుగున తాలు పెట్టొచ్చు. కోడ్‌లో టెస్టులు రాయకుండా పని అయిపోయింది అనొచ్చు. రెండూ ఒకటే. తర్వాత ఎవడో ఒకడు ఇబ్బంది పడతాడు, వాడి మొహం మనకి కనపడదు, అంతే తేడా.

రెండు, నేర్చుకోవడం. మేరీ గ్లౌరీ నాలుగేళ్లు చదివి వచ్చారు. ఇంకొకరి ప్రాణం, డబ్బు, టైమ్ మన చేతిలో ఉన్నప్పుడు మన పని మనకి పూర్తిగా రావాలి. వచ్చింది పక్కవాళ్లకి నేర్పాలి.

మూడు, మన కోసం పనిచేసేవాళ్ల కూలి. ఇంట్లో పనికొచ్చే ఆవిడ, పొలంలో కూలీలు, ఫుడ్ తెచ్చే కుర్రాడు. ఒప్పుకున్నది ఆ రోజే, పూర్తిగా, మర్యాదగా ఇవ్వడం. 'రేపు రా' అన్న మాట మనకి చిన్నదే. వాళ్లింట్లో ఆ పూట పొయ్యి వెలగడం దాని మీద ఉంటుంది.

మీ ఇంట్లో, మీ వీధిలో, ఎవరూ పట్టించుకోకపోయినా పని శ్రద్ధగా చేసేవాళ్లు ఒకరైనా ఉంటారు. వీడియో అయ్యాక వాళ్లకి ఒక ఫోన్ చేయండి. నచ్చితే షేర్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.