బాయిలర్ ఒకసారి వెలిగి ఒకసారి వెలగకపోతే

బ్రిటన్‌లో మొదటి చలికాలం చూస్తున్న తెలుగువాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఈ రోజు మాట్లాడుతున్నాను. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నవారు కూడా వినండి, పనికొస్తుంది.

మన ఊళ్ళలో స్నానాల నీళ్ళకు గీజరు ఉంటే చాలు, ఇల్లు వెచ్చబెట్టుకునే పనిలేదు. ఇక్కడ ఆ రెండు పనులూ ఎక్కువ ఇళ్ళలో గోడకు బిగించిన ఒక తెల్లపెట్టె చేస్తుంది. అదే కాంబి బాయిలర్. అది పూర్తిగా ఆగిపోతే ఒక విధంగా నయం. వచ్చిన ఇంజనీరుకు లోపం కళ్ళెదుటే ఉంటుంది. చిక్కంతా అప్పుడప్పుడూ మొరాయించే బాయిలర్‌తోనే. తెల్లవారుజామున వెలగదు. మధ్యాహ్నం ఇంజనీరు వచ్చేసరికి చక్కగా వెలుగుతుంది. ఆయన చూసి, బాగానే ఉందని చెప్పి, ఫీజు తీసుకుని వెళ్ళిపోతాడు. రాత్రికి మళ్ళీ చన్నీళ్ళు.

అందుకని ముందుగా చెబుతున్నాను. ఇలాంటి బాయిలర్ ఉన్న ఇంట్లో మీరు చేయగలిగిన అన్నిటికన్నా మంచి పని రాసి పెట్టుకోవడం. ఏ సమయానికి ఆగింది? బయట గడ్డకట్టే చలి ఉందా? గాలి గట్టిగా వీస్తోందా? కుళాయి తిప్పినప్పుడు వెలగలేదా, రేడియేటర్ల కోసం వెలగలేదా? అదే సమయానికి వంటింట్లో స్టవ్ మండుతోందా? తెర మీద ఏ కోడ్ కనిపించింది? రీసెట్ బటన్ నొక్కకముందే ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీయండి. నొక్కిన తరువాత కోడ్ పోతుంది, దానితో పాటు ఆధారమూ పోతుంది. వెయిలంట్ కంపెనీ బాయిలర్లలో ఎఫ్ 28 అంటే మంట అంటుకోలేదని, ఎఫ్ 29 అంటే అంటుకున్నాక ఆరిపోయిందని. ఆ ఒక్క అంకె తేడాతో ఇంజనీరు వెతకాల్సిన చోటు మారిపోతుంది.

ఇప్పుడు ఆ పెట్టె లోపల ఏం జరుగుతుందో చెబుతాను. థర్మోస్టాట్ వేడి కావాలని కబురు పంపగానే, లేదా మీరు వేడినీళ్ళ కుళాయి తిప్పగానే, ముందు ఫ్యాన్ తిరుగుతుంది. లోపల మిగిలిన గాలిని బయటికి నెడుతుంది. తరువాత నిప్పురవ్వ టక్ టక్‌మని కొడుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, మంట అంటుకుంటుంది. అంతటితో పని అయిపోలేదు. మంట గుండా అతి స్వల్పంగా కరెంటు ప్రవహిస్తుంది, మైక్రోఆంపియర్ల లెక్కలో. మంటలోకి చొచ్చుకుని ఉన్న ఒక లోహపు కడ్డీ ఆ కరెంటును పట్టి సర్క్యూట్ బోర్డుకు తెలియజేస్తుంది. కొన్ని సెకన్లలో ఆ సమాచారం రాకపోతే, నిజంగా మంట ఉన్నా సరే, బోర్డు గ్యాస్ కట్టేస్తుంది. మళ్ళీ ప్రయత్నిస్తుంది. కొన్నిసార్లు విఫలమయ్యాక తాళం వేసుకుని కూర్చుంటుంది. అది మొండితనం కాదు. వెలగని గ్యాస్ ఇంట్లో నిండకుండా మిమ్మల్ని కాపాడే ఏర్పాటు.

కాబట్టి పక్కన నిలబడి వినండి. అసలు ఏ చప్పుడూ లేకపోతే బాయిలర్ దాకా కబురే అందలేదని అనుమానించాలి. గోడ మీది వైర్‌లెస్ థర్మోస్టాట్‌లో బ్యాటరీలు నీరసిస్తే సరిగ్గా ఇలాగే ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయదు. రెండు బ్యాటరీలు మార్చడానికి ఇంజనీరును పిలిచి డబ్బు పోసుకోకండి. నీటి ఒత్తిడి చూపే గేజ్ కూడా చూడండి. చల్లగా ఉన్నప్పుడు ముల్లు సాధారణంగా 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. బాగా పడిపోతే బాయిలర్ వెలగడానికి ఒప్పుకోదు. మాన్యువల్‌లో చెప్పినట్టు నీళ్ళు నింపి, వాల్వ్ గట్టిగా కట్టేయండి. వారం తిరగకుండా మళ్ళీ పడిపోతే ఎక్కడో కారుతోందన్నమాట. నింపుకుంటూ పోవద్దు.

ఫ్యాన్ తిరిగి, టక్ టక్ వినిపించి, మంట రాకపోతే గ్యాస్ సంగతి చూడాలి. స్టవ్ వెలిగించండి. అదీ వెలగకపోతే మీటర్‌లో క్రెడిట్ అయిపోయి ఉండొచ్చు. ప్రీపెయిడ్ మీటర్ ఉన్న షేరింగ్ ఇళ్ళలో ఎవరు టాపప్ చేయాలో తేలక ఇలా జరుగుతూ ఉంటుంది. స్టవ్ బాగా వెలుగుతున్నంత మాత్రాన గ్యాస్‌లో లోపం లేదని తీర్మానించకండి. స్టవ్‌కు కొద్ది గ్యాస్ చాలు, కాంబికి ఎన్నో రెట్లు కావాలి. మీటర్ నుంచి వచ్చే పైపు సన్నగా ఉండి, అన్ని బర్నర్లూ మండుతున్నప్పుడు ఎవరో షవర్ తిప్పితే, ఒత్తిడి పడిపోయి బాయిలర్ ఆగిపోవచ్చు. స్టవ్ గురించి రాసుకోమన్నది అందుకే.

చలి రాత్రుల తరువాతే మొరాయిస్తోందా? అయితే ముందుగా కండెన్సేట్ పైపును చూడండి. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తగా బిగించే బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే. పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడినీ వాడుకుంటాయి. ఆ నీరు సన్నటి ప్లాస్టిక్ పైపులో బయటికి పోతుంది. గోడ బయట ఆ పైపులో నీరు గడ్డకడితే వెనక్కి తన్ని బాయిలర్ ఆగిపోతుంది, లోపల గుడగుడమని శబ్దం వస్తుంది. 2010 డిసెంబర్ చలికి బ్రిటన్ అంతటా ఎన్నో ఇళ్ళు ఇలాగే చల్లబడ్డాయి. నేల మీద నిలబడి అందుకోగలిగితే పైపు మీద గోరువెచ్చని నీళ్ళు మెల్లగా పోయండి, లేదా హాట్ వాటర్ బ్యాగ్ ఆనించి ఉంచండి. మరిగే నీళ్ళు పోస్తే పైపు పగలొచ్చు. నిచ్చెన ఎక్కాల్సి వస్తే మానుకోండి. మంచు కరిగాక ఒక్కసారి రీసెట్ చేయండి. ఆ తరువాత పైపుకు తొడుగు వేయించండి, వీలైతే లావు పైపు వేయించండి.

ఇవేవీ కాకపోతే మిగిలిన కారణాలు పెట్టె లోపలివి. నిప్పురవ్వ కొట్టే ఎలక్ట్రోడ్ అరిగిపోవడం, మంటను పసిగట్టే కడ్డీ మీద మడ్డి పేరుకోవడం, తీగ తొడుగు పగిలి తేమకు కరెంటు పక్కదారి పట్టడం, గ్యాస్ వాల్వ్ అంటుకుపోవడం. ఏటా సర్వీసు జరిగితే వీటిలో కొన్ని ముందే దొరుకుతాయి. ఈ పెట్టె మూత మీరు విప్పకూడదు. చాలా బాయిలర్లలో ఆ మూతే విషవాయువును గదిలోకి రానివ్వకుండా ఆపేది. వీడియో చూసి స్నేహితుడు చేస్తానన్నా వద్దనండి. గ్యాస్ పనికి చట్టప్రకారం అర్హత ఉన్నవారి జాబితా, అంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవారినే పిలవండి. గుమ్మంలోనే కార్డు అడగండి. వెనకవైపు ఏ ఏ పనులకు అర్హత ఉందో రాసి ఉంటుంది. అడిగితే నొచ్చుకునే మనిషి చేత పని చేయించుకోవద్దు. సర్క్యూట్ బోర్డు మార్చాలంటే, ఏం కొలిచి ఆ నిర్ణయానికి వచ్చారో మర్యాదగా అడగండి. బోర్డు ఖరీదైనది. కొలవకుండా బోర్డు మార్చడం వైద్యం కాదు, ఊహ.

రీసెట్ ఒకసారి నొక్కి చూడొచ్చు. మాటిమాటికీ నొక్కకండి. వెలిగేటప్పుడు ధబ్బున పేలినట్టు చప్పుడొస్తే వెంటనే ఆపేసి ఇంజనీరును పిలవండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోవద్దు, కిటికీలు తెరవండి, మీటర్ దగ్గర వాల్వ్ కట్టేయండి, బయటికి వచ్చి 0800 111 999కు ఫోన్ చేయండి. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో ఏ వేళైనా పలుకుతారు, డబ్బు తీసుకోరు.

అద్దె ఇంట్లో ఉండే పిల్లలకు ఇంకొక్క మాట. ఓనరు ఖాళీ చేయమంటాడేమోనని వారాల తరబడి చన్నీళ్ళతో గడపకండి. ఇంగ్లండ్‌లో వేడినీళ్ళ, హీటింగ్ ఏర్పాట్లను బాగు చేయించే బాధ్యత 1985 నాటి అద్దె ఇళ్ళ చట్టం ప్రకారం ఓనరుదే. గ్యాస్ పరికరాలను ఏటా తనిఖీ చేయించి, ఆ పత్రాన్ని 28 రోజుల్లో మీకివ్వాలి. ఫోన్‌లో చెప్పినా సరే, ఈమెయిల్ కూడా పెట్టండి. మీరు రాసుకున్న తేదీలు, ఫొటోలు దానికి జత చేయండి.

ఇంగ్లండ్‌లో 2022 అక్టోబర్ 1 నుంచి అద్దె ఇళ్ళలో గ్యాస్ బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. ఇంట్లో ఉన్నంతసేపూ తలనొప్పి, వికారం ఉండి, బయటికెళ్ళగానే తగ్గితే అది జలుబని సరిపెట్టుకోకండి. బాయిలర్ ఆపి, ఇంట్లోంచి బయటికి వచ్చి, డాక్టరుకు చెప్పండి. మీ ఇంట్లో ఆ అలారం ఉందో లేదో ఈ రాత్రే చూడండి. ఉంటే టెస్ట్ బటన్ నొక్కండి. లేకపోతే రేపు పొద్దున్నే ఓనరుకు ఈమెయిల్ పెట్టండి.