అరసికెరెలో పట్టుపురుగుల పెంపకం చూసి వచ్చినాక

మేము ఎనిమిదో తరగతితో చదువు ముగించి మగ్గం ఎక్కినవాళ్లం. చూసింది చూసినట్టే చెప్తాము.

పావగడ తాలూకా అరసికెరెలో ఒక రైతు పట్టుపురుగులు మేపుతున్నాడని తెలిసి, మా సంఘం నుంచి పదకొండు మందిమి పోయి చూసి వచ్చినాము. వానలు తక్కువ పడే సీమ అది. బోరు నీళ్లు, డ్రిప్పు పైపులతో మల్బరీ తోట కాపాడుకుంటున్నాడు. చెప్పులు విడిచి, బ్లీచింగు నీళ్లలో కాళ్లు తడిపినాకే షెడ్డులోకి రానిచ్చినాడు. పక్క చేలో మందు కొడితే గాలికి ఆకు మీద పడినా పురుగు చస్తుందంట.

వాళ్ల లెక్కలో ఒక గుడ్డు అంటే ఒక చిలుక పెట్టిన మొత్తం గుడ్లు. అందులో నాలుగైదు వందల పురుగులు లేస్తాయి. నూరు గుడ్లు మేపితే నలభై, యాభై వేల పురుగులు. పురుగు నాలుగుసార్లు మేత మాని చర్మం విడుస్తుంది. దాన్ని రైతులు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచినాక ఆ వారం రోజులే అసలు మేత. మొత్తం ఆకులో ఎనభై పాళ్లకు పైగా అప్పుడే తింటుంది. ఇంటిల్లిపాదీ రాత్రీ పగలూ ఆకు కోసి వేస్తుండాల్సిందే.

పండిన పురుగులను ఏరి చంద్రికల మీద వేస్తే రెండు మూడు రోజుల్లో గూడు కడతాయి. ఒక గూటిలో వెయ్యి మీటర్ల దాకా ఒకే పోగు. వేడినీళ్లలో మెత్తబడిన గూళ్ల పోగులను ఎనిమిదో పదో కలిపి తీస్తేనే మన చేతికొచ్చే ముడి పట్టు దారం ఒకటి అవుతుంది. సుమారు ఏడు కిలోల గూళ్లకు కిలో ముడి పట్టు. ఉడకబెట్టి బంక తీస్తే అదీ ముప్పావు కిలోకు దిగుతుందని మీకు తెలుసు. ఆ లెక్కన జరీ పోను అరకిలో పట్టున్న చీరకు 2,500 నుంచి 3,000 గూళ్లు కావాలి.

మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇది. గూడు కట్టిన పది పన్నెండు రోజులకు చిలుక దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. చిల్లుపడిన గూటి నుంచి పోగు సాగదు. అందుకని ఆరేడు రోజులకే గూళ్లు ఏరి, హిందూపురం, రామనగర లాంటి మార్కెట్లకు వేలానికి తీసుకపోతారు. ధర నచ్చలేదని ఇంట్లో దాచుకునే వీలు రైతుకు లేదు. మనకు మాత్రం ఉందా? దారం బాకీ, ఇంటి ఖర్చు మీద పడితే చీర కోసిన దినమే వచ్చిన ధరకు ఇచ్చేస్తాము. సరుకు పట్టుకుని కూర్చోలేని వాళ్లం ఇద్దరమూ. దారం ధర పెరిగినప్పుడల్లా రైతు బాగుపడ్డాడని మనం అనుకుంటాము. చీర ధర విన్నప్పుడు రైతు కూడా మనల్ని గురించి అట్లే అనుకుంటున్నాడు. ఆ మాట ఆయనే మాతో అన్నాడు.

కాబట్టి సంఘాలకు మా మనవి మూడు మాటలు. ఒకటి, విడివిడిగా అప్పుకు దారం తెచ్చుకోకుండా కలిసి కొందాము. 1983లో పెట్టిన జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ దారం సరఫరా చేసేదే సంఘాల కోసం. నాలుగు సంఘాలు కలిసి ఇండెంటు పెడితే మన మాటకు బరువు ఉంటుంది. రెండు, పట్టు చీర అని చెప్పి అందులో నకిలీ దారం కలపవద్దు. అది రైతు నోరూ, మన నోరూ కొడుతుంది. 2004 నుంచి ఉన్న సిల్క్ మార్క్ చీటీ వేసి అమ్మితే కొనేవాళ్లకు నమ్మకం. మూడు, మన పిల్లలను ఒకసారి ఆ షెడ్డుకు తీసుకపోండి. మగ్గం మీదికి వస్తారో రారో వాళ్ల ఇష్టం. అమ్మానాయనల చేతిలోని పోగు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు తెలియాల.