బ్లోయర్ కరెంటు బిల్లు



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది ఫార్మా కంపెనీల్లో చేరతారు, కొందరు కాలుష్య నియంత్రణ మండలిలో. అందుకే అభినందనలు తొందరగా ముగించి హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు సంగతి మాట్లాడతాను.

చిన్న పరిశ్రమలు ఎవరికి వారు వ్యర్థజలాలు శుద్ధి చేసుకోలేవని కేంద్రం 1991లో ఉమ్మడి శుద్ధి ప్లాంట్ల పథకం తెచ్చింది. పెట్టుబడిలో పావు వంతు కేంద్రం, పావు వంతు రాష్ట్రం, 30 శాతం అప్పు. కంపెనీలు పెట్టుకునేది 20 శాతమే. 2012లో కేంద్రం తన వాటాను సగానికి పెంచింది. ఆ సాయమే లేకపోతే చాలామంది నేరుగా వాగులోకే వదిలేవారు, కాదనను. కానీ డబ్బంతా ట్యాంకులు కట్టడానికి. ఆ ట్యాంకుల్లోకి గాలి ఊదే బ్లోయర్లు రాత్రింబవళ్లు తిరగాలి, ఆ కరెంటు బిల్లు మాత్రం కంపెనీలదే. బ్లోయర్ ఆపితే ఖర్చు మిగిలేది వాళ్లకు, పంట పోయేది వాగు పక్క రైతుకు. ఈ లెక్క ఎటు మొగ్గుతుందో చెప్పడానికి ఎంబీఏ అక్కర్లేదు.

పటాన్‌చెరు ప్లాంటు 1994లో మొదలైంది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు అక్కడికి చేరేవి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం, శుద్ధి అయి బయటికొచ్చిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉందని ప్రచురించింది. రోజుకు సుమారు 45 కిలోలని అంచనా. స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడేంత మందు! ఆ ట్యాంకుల్లో మురికిని తినిపెట్టేది బ్యాక్టీరియా. దాని మీదికి బ్యాక్టీరియాను చంపే మందునే వదిలాం. చావనివి మందుకు లొంగకుండా తయారయ్యాయి.

తర్వాత 18 కిలోమీటర్ల పైపులైను వేసి ఆ నీటిని నగరపు మురుగులో కలిపి అంబర్‌పేటలోని మురుగు శుద్ధి కేంద్రానికి పంపారు. అంతకుముందు ఆ నీరు చేరిన నక్కవాగు బరువు మూసీ నదికి బదిలీ అయింది, అంతే.

నన్నడిగితే సబ్సిడీ సిమెంటుకు కాదు, కొలిచి చూశాక శుభ్రంగా ఉన్న నీటికి ఇవ్వాలి. వ్యర్థజలాలు తెచ్చే ఏ ట్యాంకర్‌లో ఏముందో గేటు దగ్గరే సీసాలో పట్టి చూడాలి. ఒకసారి కలిశాక ఆ విషం అందరిదీ, అంటే ఎవరిదీ కాదు.

రేపు బ్లోయర్ 24 గంటలూ నడిచిందని రాసిన లాగ్‌బుక్ మీ ముందు పెడతారు. సంతకానికి ముందు కరెంటు మీటర్ రీడింగ్ అడగండి. రెండింటికీ పొంతన కుదరకపోతే ఆపరేటర్‌ను తిట్టకండి. ఆపమని అతనికి ఫోను పైనుంచే వచ్చి ఉంటుంది.