కుండీలోని తీగ

నాంపల్లిలో మా పూలకుండీయందు ఎవ్వరును నాటని తీగ యొకటి అల్లుకొన్నది. మధ్యాహ్నము ముడుచుకొని యెఱ్ఱబాఱిన పూవును జూచి, మనుమరాలికి కాశీరత్నమని చెప్పితిని. కాశీరత్నపుటాకు దారపుపోగులవలె చీలియుండును. దీని యాకు మూఁడు మొనలది. ఆ యాకునైనను జూడనైతిని.

కాయలు పగిలి నల్లని విత్తులు రాలినవి. పిల్ల వానిని లక్కపిడతలో వండి తెచ్చినది.

"నీవు తింటివా?"

"లేదు తాతయ్యా, ముందు నీకే."

ఆబిడ్సులో యూనానీ మందులమ్ము వృద్ధునకు జూపితిని. "హబ్బున్నీల్" అనెను. మన కొల్లివిత్తులే, శాస్త్రజ్ఞుల ఐపోమియా నీల్. విత్తు తీవ్రమైన విరేచనకారి.

మఱునాఁడు వేకువనే చూచితిని. పూవు నిండు నీలము. ప్రొద్దెక్కిన కొలఁది యెఱ్ఱబాఱినది. విత్తులు నిప్పులలో వేసి, "నేను చెప్పిన పేరు తప్పమ్మా" అంటిని.

"ఐతే కాశీరత్నము ఎట్లుండును, తాతయ్యా?" అని యడిగినది.